సవర కొండల్లో గిడుగు వారి వెంట

శుక్రవారం, పర్లాకిమిడి

నౌపడ దాటి గునుపూర్ లైనులోకి మళ్ళాక పెట్టెలో జనం మారిపోతారు. ఫోన్లు చూసుకునేవాళ్ళు తగ్గి, మురీల సంచులు, కోడిపుంజులు, పెళ్ళి కబుర్లు ఎక్కుతాయి. టెక్కలి, టెంబూరు, పాతపట్నం. మా ఎదురుగా కూర్చున్న ముసలాయన మనవడితో ఒడియాలో, భార్యతో తెలుగులో, టీ కుర్రాడితో రెండూ కలిపి మాట్లాడుతున్నాడు. ఈ దారిలో అది ఎవరికీ వింత కాదు.

నాన్నకి ఈ లైనంటే ప్రాణం. పర్లాకిమిడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల పట్టాల మీద 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు మొదలైంది. గునుపూర్ చేరేసరికి 1931 వచ్చింది. 2004లో అది ఆగిపోయి, తర్వాత పెద్ద లైను పడింది. ఎక్కుడు దారుల్లో ఆ చిన్న రైలు పక్కన నడిచి మళ్ళీ ఎక్కేవాళ్ళమని నాన్న నా కూతురికి చెప్తున్నాడు. అది మాత్రం నమ్మనంటోంది. లెక్కల మేస్టారు అబద్ధం చెప్పడని ఆయన.

మేం వెళ్తున్నది గిడుగు వెంకట రామమూర్తి గారు తిరిగిన చోట్లు చూడ్డానికి. వాడుక తెలుగు కోసం పోరాడిన మనిషిగా ఆయన మనందరికీ తెలుసు. 1863 ఆగస్టు 29న పుట్టారు కాబట్టి ఆ రోజున తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. దండలు వేస్తాం, ఉపన్యాసాలు చెప్తాం. కానీ ఆ పోరాటానికి కావలసిన చెవి ఆయనకి ఎక్కడ తయారైందో ఆ సభల్లో ఎవరూ అంతగా చెప్పరు. కథలు రాసేదాన్ని, నాకు ఆ సంగతే కావాలి. ఆయన పుస్తకాల కంటే ముందు ఆయన నడిచిన దారులు చూడాలనిపించింది.

మధ్యాహ్నానికి ఒడిశాలోని పర్లాకిమిడిలో దిగాం. పాతపట్నం దాటి మహేంద్రతనయ ఒడ్డుకి వస్తే ఇంచుమించు ఊరొచ్చినట్టే. ఆంధ్రా సరిహద్దు ఊరి అంచులోనే ఉంది. అమ్మ పుట్టిల్లు ఇక్కడే. మోకాళ్ళ నొప్పులతో ఆమె రాలేకపోయింది. పిన్ని గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏటే, ఇంత చిక్కిపోయేవు? బావగారూ, మీరైనా సెప్పరేటి దీనికి? రండి, కాళ్ళు కడుక్కోండి."

పొద్దు వాలాక రాజావారి కోట వేపు నడిచాం. గిడుగు వారు 1880లో ఈ ఊరి రాజావారి బడిలో మేస్టారుగా చేరారు. అప్పటికి పదిహేడేళ్ళ కుర్రాడు. పన్నెండేళ్ళ వయసులో తండ్రి పోయాడు. విజయనగరంలో మెట్రిక్ చదివాడు. అక్కడ గురజాడ అప్పారావు ఆయనకి తోటి విద్యార్థి. పై చదువులకి పోకుండా ఉద్యోగంలో చేరడానికి ఇంటి పరిస్థితే కారణం. నిలదొక్కుకోవలసిన కుటుంబం ఆయన్ని ఈ ఊరికి తెచ్చింది. ఊరి వెనకాల కొండలున్నాయి. మిగతాదంతా ఆ కొండలు చేశాయి.

బజారులో కొమ్ముతో బొమ్మలు చేసే ఒక దుకాణం చూశాం. పశువుల కొమ్ముల్ని వేడిచేసి, వంచి, సానపట్టి కొంగలూ రొయ్యలూ నెమళ్ళూ చేస్తారు. రొయ్య మీసాలు చేతికి గుచ్చుకునేంత సన్నగా ఉన్నాయి. కూతురు ఒక కొంగని కొనుక్కుంది.

శనివారం, ముఖలింగం

ఇది సరిహద్దుకి అవతల, ఆంధ్రా వేపు. పొద్దున్న బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చాం. వంశధార ఒడ్డున మధుకేశ్వర ఆలయం, ఇంకో రెండు గుళ్ళు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని శాసనాలు చదివి నిరూపించినవారిలో గిడుగు వారొకరు. చరిత్ర పాఠం చెప్పాల్సి వచ్చి, పాఠం పుస్తకంలో చాలక, రాళ్ళ మీది పాత లిపిని సొంతంగా నేర్చుకున్నారు. ఆయన పుట్టిన పర్వతాలపేట కూడా ఈ చుట్టుపక్కలదే.

ఈ రాజ్యం నుంచే అనంతవర్మ చోడగంగు పన్నెండో శతాబ్దంలో ఉత్తరాదికి తరలి కటకం నుంచి ఏలాడు. పూరీ జగన్నాథుడి గుడి కట్టించాడు. గీతకి ఇవతల మనది, అవతల వాళ్ళది అంటే ఈ స్తంభాల ముందు చెల్లదు. నాన్న స్తంభాల మీది అక్షరాల్ని వేలితో తడుముతూ చాలాసేపు ఉండిపోయాడు.

ఆదివారం, గునుపూర్ మీదుగా పుట్టాసింగి

పొద్దుటి రైల్లో గునుపూర్. ఇది రాయగడ జిల్లా. పక్కన వంశధార. అక్కణ్ణుంచి జీపు మాట్లాడుకుని కొండల్లోకి. పర్లాకిమిడికి రైలు వచ్చేనాటికే గిడుగు వారు ఈ కొండల్లో ఉండే సవరల భాష నేర్వడం మొదలుపెట్టారు. గునుపూర్ దాకా రైలు వచ్చేసరికి ఆయన జీవితంలో పెద్ద భాగం అయిపోయింది. ఎడ్లబండి పోయేంత మేర బండి, అది దాటాక నడక. మా జీపు రెండో గేరులో మూలుగుతున్న ఈ ఎత్తులు చూస్తుంటే, బడి సెలవుల్లో చెప్పులు చేత పట్టుకుని వాగులు దాటే మేస్టారు నాకు కళ్ళకి కట్టాడు.

కార్తీకం వెళ్ళే రోజులు. కొండవాలుల్లో వలిసె పూలు పసుపు పరిచాయి. పోడు చేలల్లో కంది ఇంకా పచ్చగా ఉంది, చోళ్ళు (రాగులు) కోతకొచ్చాయి. లోయల్లో సవరల మెట్ల మళ్ళు. నేనింత దాకా ఫొటోల్లోనే చూశాను. రాయి మీద రాయి పేర్చి గోడ, గోడ వెనక మన్ను, దాని మీద వరి. కొన్ని గోడలు మనిషెత్తు దాటాయి. మడి వెడల్పు మాత్రం ఒక్కోచోట ఎడ్లు తిరగడానికి కూడా చాలదు. పైనున్న ఊట నీరు మొదటి మడి నింపి, అక్కణ్ణుంచి కిందికి, మళ్ళీ కిందికి దిగుతుంది. సున్నం లేదు, సిమెంటు లేదు. కొలతలు కాయితం మీద ఎవరూ గీయలేదు. నాన్న ఒక గోడ దగ్గర నిలబడి, వానాకాలంలో ఇంత నీటి బరువుకి ఇది ఎందుకు కూలదో లెక్కవేస్తూ ఉండిపోయాడు. రాళ్ళ సందుల్లోంచి నీరు ఊరి పోవడమే కిటుకని డ్రైవరు తేల్చాడు. అతను ఈ ఊళ్ళల్లో పుట్టినవాడే. తెలుగు, ఒడియా, సవర మూడూ వచ్చు.

దారిలో ఒక సంత. అడ్డాకుల కట్టలు, కొండచీపుళ్ళు, చింతపండు, పసుపు, కంద. ఒక చెట్టు కింద జీలుగు కల్లు కుండలు. చెవితమ్మెలు సాగి పెద్ద చెక్క కమ్మలు పెట్టుకున్న ముసలమ్మలు ఒకరిద్దరు కనిపించారు. చిన్నవాళ్ళెవరూ ఇప్పుడు అవి పెట్టుకోవడం లేదు.

చీపుళ్ళు అమ్మే ఒకావిడ దగ్గర నాన్న ఆగిపోయాడు. ఆవిడ కట్టలు లెక్కపెడుతోంది. ఒకటి నుంచి పన్నెండు దాకా ఒక్కో అంకెకి ఒక్కో పేరు. పన్నెండు దాటాక పన్నెండు మీద ఒకటి, పన్నెండు మీద రెండు అంటూ పోతుంది. ఇరవై దగ్గర మళ్ళీ మలుపు. ముప్పై మూడు కావాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి అని చెప్పాలి. పదులతో పెరిగిన మనకి అది పొరపాటులా వినిపిస్తుంది. ఆవిడ చేతులు మాత్రం ఎక్కడా తడబడలేదు. నాన్న నలభై ఏళ్ళు పిల్లలకి ఎక్కాలు చెప్పాడు. రెండు రకాల గుంపులతో కలిపి లెక్కపెట్టే పద్ధతిని బతికున్న నోట మొదటిసారి విన్నాడు. డ్రైవరు చేత మళ్ళీ మళ్ళీ అడిగించి, చిన్న డైరీలో పట్టిక వేసుకున్నాడు. ఆవిడ విసుక్కోకుండా చెప్పింది. చివరికి ఆవిడే నాన్నని అప్పజెప్పమంది. పద్నాలుగు దగ్గర ఆపి, సరిచేసి, మళ్ళీ చెప్పించింది.

గిడుగు వారి చదువు ఇలాగే మొదలై ఉంటుందని నాకు గట్టిగా అనిపించింది. సవర మన ద్రావిడ కుటుంబానికి చెందిన భాష కాదు, ముండా శాఖది. దానికి అప్పుడు లిపి లేదు, వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. మాట మధ్యలో గొంతు టక్కున మూసుకుని మళ్ళీ తెరుచుకుంటుంది. ఆ విరుపు పట్టుకోకపోతే మాటే మారిపోతుంది. దాన్ని కాయితం మీద పెట్టడానికి ఆయనకి చేతిలో ఉన్న ఏ అక్షరమాలా సరిపోలేదు. ఏది శిష్టం, ఏది గ్రామ్యం అని తేల్చిపెట్టే గ్రంథమేదీ ఆ కొండల్లో లేదు. ఒకే దారి ఉంది, మనిషి ఎలా పలికితే అలా వినడం. అలా ఏళ్ళ తరబడి విన్న చెవితో ఆయన తిరిగి తెలుగు వేపు చూశారు. ఇంట్లో ఒకటి మాట్లాడుతూ బళ్ళో ఇంకొకటి రాయిస్తున్న తీరు అప్పుడు ఆయనకి భరించరానిదైంది. గురజాడ, స్కూళ్ళ ఇన్స్పెక్టరు జె.ఎ. యేట్స్ తోడుగా వాడుక భాషా ఉద్యమం మొదలయ్యింది ఈ సవర చదువు తర్వాతే. నేనివాళ రాస్తున్న ఈ వాక్యం వెనకాల సవరల నోటిమాట ఉందని నా నమ్మకం.

రాత్రి పుట్టాసింగి దగ్గరి ఒక ఊళ్ళో, డ్రైవరు మేనమామ ఇంట్లో పడుకున్నాం. చలి గట్టిగా ఉంది.

సోమవారం, అదే ఊరు

ఈ పక్క ఉండేవాళ్ళని లాంజియా సవరలంటారు. ఒడిశాలో మరీ వెనకబడిన తెగలుగా గుర్తించిన పదమూడింటిలో వీళ్ళొకరు. ఇళ్ళు ఎర్రమట్టి గోడలతో ఒకే వరసలో, అరుగులు ఎత్తుగా. మేం బస చేసిన ఇంటి పక్కింట్లో లోపలి గోడ మీద ఇడితాల్ బొమ్మ ఉంది. ఎర్రమట్టి మీద బియ్యప్పిండి గీతలు. పెద్ద చట్రం, అందులో ఏనుగులెక్కిన మనుషులు, చెట్లు, కోతులు, గొడుగు పట్టినవాళ్ళు, ఒక మూల సైకిలు, ఇంకో మూల విమానం. పోయినవాళ్ళ కోసం కట్టే ఇల్లది. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, పెద్దలు కలలో కనిపించి అడిగినా వేయిస్తారు. పోయినవాళ్ళకి కావలసినవన్నీ అందులో ఉండాలి. వాళ్ళ కాలంలో లేని విమానం కూడా.

నా కూతురు బొమ్మలు వేస్తుంది. పుస్తకం తీసి ఆ గోడ ముందు కూర్చుని పొద్దంతా కదల్లేదు. ఇంటాయన ఆమెకి ఒక్కో బొమ్మ ఎవరిదో చెప్తూ వచ్చాడు. ఈయన మా తాత, ఈవిడ మా మేనత్త, పులి పట్టుకుపోయినవాడు ఇతను. వంశవృక్షం గోడ మీద ఉంది, నోటితో చదవాలి. ఊళ్ళో సగం మంది బాప్టిస్టు చర్చికి వెళ్తారు, వాళ్ళ ఇళ్ళల్లో గోడలు ఖాళీ. ఇంటాయన తమ్ముడు పాస్టరు. అన్నదమ్ములిద్దరూ ఒకే కుండలో అంబలి తాగుతున్నారు.

మధ్యాహ్నం నాకు కొంచెం జ్వరం తగిలింది. మాత్ర వేసుకుంటే సాయంత్రానికి తగ్గింది. గిడుగు వారికి ఈ కొండల్లో తగిలింది మలేరియా. దానికి క్వినైను తిన్నారు, వినికిడి పోయింది. భాషల్ని చెవితో పట్టుకునే మనిషికి అంతకు మించిన దెబ్బ ఏముంటుంది? అయినా పని ఆపలేదు. సవర వ్యాకరణం 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. అప్పటికి ఆయనకి అరవై ఎనిమిదేళ్ళు. తర్వాత నిఘంటువులు. ముప్పై నలభై ఏళ్ళ పని. చెవి పోయాక ఆ పని ఎలా సాగింది అన్నదానికి జవాబు కుటుంబం. కొడుకు గిడుగు సీతాపతి సవర నేర్చుకుని తండ్రికి తోడు నిలిచాడు. పిల్లల కోసం పాటలు రాసిన సీతాపతి గారు ఈయనే. తండ్రి నడిచిన దారినే కొడుకూ నడిచి వినకపోతే ఆ పుస్తకాలు అలా పూర్తయ్యేవి కావనుకుంటాను.

ఇంకో సంగతి. సవర నేర్చుకోవడానికి గిడుగు వారు ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకున్నారు. సవర పిల్లలకి బడి పెట్టి సొంత డబ్బు ఖర్చుచేశారు. ప్రభుత్వం బహుమానం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకి బళ్ళు పెట్టమన్నారని చెప్తారు. ఇదంతా చదివినప్పుడల్లా నేను ఆ వంటింటి గురించి ఆలోచిస్తాను. మేస్టారి జీతంతో నడిచే ఇంట్లో అదనంగా ఒక ఆకు వేసింది ఎవరు? కొండ నుంచి దిగొచ్చినవాళ్ళకి పక్క పరిచింది ఎవరు? ఆ రోజుల్లో పట్టింపులున్న వీధిలో నలుగురికీ జవాబు చెప్పుకుంది ఎవరు? ఆ ఆడవాళ్ళు రాసుకున్నదేదీ నాకు దొరకలేదు. వాళ్ళ పని లేకుండా మాత్రం ఆ వ్యాకరణంలో ఒక్క పుటా లేదు.

మంగళవారం, గునుపూర్

దిగొచ్చాక గునుపూర్‌లో ఒక సవర ఉపాధ్యాయుణ్ణి కలిశాం. చిన్న తరగతుల పిల్లలకి మాతృభాషలో చెప్పే పని ఆయనది. ఒడిశాలో 2007 నుంచి కొన్ని గిరిజన భాషల్లో బళ్ళో మొదటి పాఠాలు చెప్తున్నారు, వాటిలో సవర ఒకటి. సరిహద్దు ఇవతలి బళ్ళల్లో సవర వాచకం ఒడియా అక్షరాల్లో ఉంటుంది. ఆంధ్రా వేపు తెలుగు అక్షరాల్లో. చర్చి పుస్తకాలు రోమన్‌లో. ఇవి కాక సవరల సొంత లిపి ఉంది.

ఆ లిపి సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది. 1936లో మంగెయి గొమాంగో అనే సవర ఆయన దాన్ని తయారుచేశాడు. పేరు సొరాంగ్ సొంపెంగ్. ఇరవై నాలుగు అక్షరాలు, ఒక్కోదాని వెనకా ఒక్కో దేవత. అక్షరాల్నే కొలిచే గుళ్ళున్నాయి. 2012లో ఇది యూనికోడ్‌లోకి వచ్చింది. ఆయన ఫోన్ తీసి మనవరాలి పేరు ఆ లిపిలో టైపు చేసి చూపించాడు.

1936 అనగానే నాన్న నా వేపు చూశాడు. ఆ ఏడు ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైంది. పర్లాకిమిడి అందులో కలిసింది. రాజావారు కృష్ణచంద్ర గజపతి మరుసటి ఏడు దానికి మొదటి ప్రధానమంత్రి (ముఖ్యమంత్రిని అప్పట్లో అలా అనేవారు) అయ్యారు. తెలుగువాళ్ళు ఇంతమందున్న ఊరు అటు పోవడం గిడుగు వారికి మింగుడుపడలేదు. యాభై ఆరేళ్ళు బతికిన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. 1940 జనవరి 22న మద్రాసులో పోయారు. ఆయన వెళ్ళిపోయిన ఏడాదే, ఆయన పాఠాలు రాసిపెట్టిన జనంలోంచి ఒకాయన వాళ్ళ భాషకి వాళ్ళ అక్షరాలు ఇచ్చాడు. వీళ్ళిద్దరూ ఎప్పుడైనా ఎదురుపడ్డారా అని అడిగాను. ఉపాధ్యాయుడు అలాంటిది తను వినలేదన్నాడు.

"మీ గిడుగు వారి పుస్తకంలో మా అమ్మమ్మ మాటలు కొన్ని ఉన్నాయమ్మా. ఇప్పుడు మా పిల్లలకి రానివి," అన్నాడు. నాకది ఏ సన్మానం కంటే పెద్ద మాటగా వినిపించింది. రాసినవాడు ఊరు విడిచిపోయాడు, ఊరు వేరే రాష్ట్రంలో కలిసింది, మాటలు మాత్రం పుస్తకంలో ఆగి, అవసరమైనవాళ్ళ కోసం ఉన్నాయి.

బుధవారం, పర్లాకిమిడి

రాత్రి బస్సుకి తిరుగు ప్రయాణం. పగలంతా పిన్ని దగ్గరే కూర్చున్నాను. పుట్టాసింగిలో బుర్రలో పడ్డ ప్రశ్న వదల్లేదు. పిన్నికి డెబ్బై దాటాయి. వాళ్ళ నాయనమ్మ ఈ ఊరి కోడలు. అదే కాలం, ఇంచుమించు అలాంటి ఇల్లే. గిడుగు వారి వంటిల్లు నాకు దొరక్కపోతే, నాకు దొరికే వంటిల్లు ఇదే.

"కొండోళ్ళు మనింటికి ఒచ్చీవోరా పిన్నీ?"

"రాకేటి? చింతపండు, అడ్డాకులు దింపుకుని, సంతయిపోతే పొద్దుపోయేది. రాత్రేళ కొండెక్కలేరు గదా. అరుగు మీద తొంగునీవోళ్ళు. నాయనమ్మ పెద్ద కుండతో అంబలి కాసీది. ఉల్లిపాయ, ఎండుమిరప్పండు. తాతకి కోపమొచ్చీది."

"ఎందుకు?"

"ఎందుకేటి, వీధిలో వాళ్ళు ఏటేటో అనీవోళ్ళు. నాయనమ్మ ఏమనీది కాదు. మర్నాడు ఇంకో కుండ ఎక్కువ కాసీది."

పిన్ని ఆ కుండ ఎంత పెద్దదో చేతులతో చూపించింది. అంబలికి చోళ్ళు ఎలా నానబెట్టాలో, నూక ఎప్పుడు వేయాలో చెప్పింది. నాయనమ్మకి సవర మాటలు పదో పన్నెండో వచ్చట. రా, కూర్చో, తిను, నీళ్ళు, పిల్ల ఎలా ఉంది. అవి చాలేవట. నేను రాస్తున్నాను. నా కూతురు పక్కన కూర్చుని పిన్ని చేతుల్ని గీస్తోంది. నాన్న సంచులు సర్ది గుమ్మంలో పెట్టి, బస్సు వేళవుతోందని గుర్తుచేశాడు.

"కూకోండి బావగారూ, బస్సు ఎక్కడికీ పోదు," అని పిన్ని ఆయనకి పీట జరిపింది. "ఏటి రాసేవో సదువు."

చదివాను. చివరిదాకా విని తలూపింది.

"బాగుంది. వానొస్తే అరుగు మీంచి నడవలోకి తెచ్చీవోళ్ళం, అది కూడా రాయ్."